ఎండకేం కొదవ అనేవాళ్ళతో నా పేచీ

"కర్నూలోనికి ఎండ గురించి చెప్తావా?" అని పోయిన డిసెంబర్లో ఓర్వకల్లు దగ్గర టీ బంకు కాడ ఒకాయన నన్ను నిలదీశాడు. పుట్టింది కర్నూల్లో, స్థిరపడింది హైదరాబాదులో. ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని గండికోటకు బయల్దేరాడు. జీపు పైకప్పుకు అంటించిన సోలార్ ప్యానెల్, డిక్కీలో ట్రంకుపెట్టెంత పవర్ స్టేషన్, దాని పక్కన మడిచి పెట్టిన ఇంకో ప్యానెల్. ఒక్క రాత్రి ఉండి వచ్చేదానికి ఇంత సరంజామా ఏంటికి సార్ అని మాత్రమే అడిగాను. ఆయన టీ గ్లాసు పట్టుకున్న చేత్తోనే గని, శకునాల ఊళ్ళ దగ్గరి సోలార్ పార్కు దిక్కు చూపించి, "అంత పార్కు ఊరికే కట్టినారా? ఈ సీమలో ఎండకేం కొదవ?" అన్నాడు. చుట్టూ కూచున్నవాళ్ళంతా తలలూపారు. జీపు వెళ్ళిపోయింది. నేను చెప్పబోయిన మాట నోట్లోనే ఉండిపోయింది.

ఆ తలలూపుడుతోనే నాకు పేచీ. జీపులూ టెంట్లూ కొత్తగా కొనుక్కున్న ప్రతివాడూ ఇదే పాట పాడుతున్నాడు. సీమ ఎండల సీమ, కాబట్టి క్యాంపింగుకు పోయేవాడు ముందు కొనవలసింది ప్యానెల్, అది ఎంత పెద్దదైతే అంత మేలు, ఒకసారి కొంటే ఆపైన కరెంటు ఉచితం. ఇందులో మొదటి ముక్క నిజం. మిగతావి దాని తోక పట్టుకుని లోపలికొచ్చిన అబద్ధాలు.

పార్కు గొప్పతనం నేనూ కాదనను. 2017లో 1000 మెగావాట్లతో పూర్తయినప్పుడు ఒకేచోట ఉన్న సోలార్ పార్కుల్లో ప్రపంచంలోనే పెద్దదని చెప్పుకున్నాం. ఆరు వేల ఎకరాలకు కాస్త తక్కువ విస్తీర్ణం. అదే ఏడాది ఏప్రిల్లో కడప జిల్లా మైలవరం దగ్గరి పార్కులో 250 మెగావాట్లకు వేలం పెడితే యూనిట్ 3 రూపాయల 15 పైసలకు దిగింది. ఆ చవకంతా ఎండ పుణ్యమే అనుకుంటే పొరపాటు. అక్కడ ప్యానెల్ ఊళ్ళు తిరగదు. లెక్క ప్రకారం అమర్చిన ఇనుప కాళ్ళ మీద, కింద గాలి ఆడేట్టు నిలబడి ఉంటుంది. దుమ్ము పడితే కడిగే మనుషులుంటారు. పొద్దు పొడిచింది మొదలు గూకేదాకా ఏడాదిలో ఒక్క రోజు కూడా సెలవు లేదు. అంత చేసినా ఏడాది సగటు తీస్తే పేరుకు ఉన్న మెగావాట్లలో నాలుగో వంతు దరిదాపుల్లోనే తేలుతుంది. రాత్రికి సున్న. ఆ సున్న బాధ తెలిసే, పాణ్యం దగ్గర పిన్నాపురంలో పైనొక జలాశయం, కిందొక జలాశయం పెట్టి, పగలు మిగిలిన కరెంటుతో నీళ్ళు పైకి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలి మళ్ళీ కరెంటు తీసే ప్రాజెక్టుకు 2022 మే నెలలో శంకుస్థాపన చేశారు. వేల కోట్లు పెట్టేవాళ్ళకు దాచుకోవడం గురించి అంత దిగులుంది. జీపు కొన్నవాడికి మాత్రం ప్యానెల్ ఒక్కటే కనబడుతుంది.

ఇప్పుడు గండికోట ప్రయాణం గంటల లెక్కన చూద్దాం. హైదరాబాదులో తెల్లారుజామున బయల్దేరిన బండి కర్నూలు, ఓర్వకల్లు దాటి, దారిలో బెలుం గుహలు చూసుకుని, సాయంత్రం నాలుగున్నరకో ఐదుకో కోటకు చేరుతుంది. డిసెంబర్లో పావుతక్కువ ఆరుకల్లా పొద్దు గూకుతుంది. అందరూ ఆ పొద్దుగూకడం చూడ్డానికే వచ్చారు గనుక పెన్నా లోయ అంచున బండల మీద కూచుంటారు. ప్యానెల్ సంచిలోనే ఉంటుంది. రాత్రి టెంట్లో లైట్లు, ఫోన్లు, పాటల డబ్బా. పొద్దున ఆరున్నర దాటాక వెలుగు. దానితో ఫొటోలు, మాధవరాయ ఆలయం, మసీదు, ధాన్యాగారం, టిఫిను. తొమ్మిదికి టెంట్లు మడవడం. మధ్యలో ఎవరైనా గుర్తు పెట్టుకుని ప్యానెల్ విప్పినా, ఏటవాలు ఎండలో గంటన్నరసేపు వంద వాట్ల ప్యానెల్ ఇచ్చేది ముప్పై నలభై వాట్-అవర్లు. అంటే రెండు ఫోన్లు. ఎండ లేక కాదు ఈ గతి పట్టింది. ఎండ ఉన్నప్పుడు బండి రోడ్డు మీద ఉంది, బండి ఆగినప్పుడు ఎండ లేదు.

"పైకప్పు మీది ప్యానెల్ రోడ్డు మీద కూడా పని చేస్తుంది గదా" అని జీపాయన అనేవాడే. చేస్తుంది, ఎవరు కాదన్నారు? గండికోట దాదాపు 15 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. డిసెంబర్ చివర్లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 52 డిగ్రీల ఎత్తు దాటడు. పైకప్పు మీద చాప పరిచినట్టు పడుకున్న ప్యానెల్ మీద ఆ ఎండ ఏటవాలుగా పడి అయిదో వంతు అక్కడే పోతుంది. దాని మీద రోడ్డు దుమ్ము, కింద కాలే రేకు. దినమంతా తిప్పితే వంద వాట్ల పలకకు మూడు వందల వాట్-అవర్లు వస్తే మహా గొప్ప. అదే ప్రయాణంలో బానెట్ కింద, ఇంజన్‌కు బెల్టుతో కట్టిన ఆల్టర్నేటర్ అనే పరికరం ఎవరూ పట్టించుకోకుండా తిరుగుతూ ఉంది. డ్యాష్‌బోర్డులోని సిగరెట్ లైటర్ సాకెట్ నుంచి పది ఆంపియర్లు తీసుకున్నా 120 వాట్లు. ఏడు గంటల ప్రయాణానికి ఎనిమిది వందల వాట్-అవర్ల పైచిలుకు, తరుగు తీసేసినా ఏడు వందలు. డీజిల్ ఖర్చవుతుంది, నిజమే. అర లీటరు లోపు. ఇంకా చవకైన దారి ఉంది, అది చెప్తే మర్యాద తక్కువ అనిపిస్తుందేమో: బయల్దేరే ముందు రాత్రి ఇంట్లో గోడ ప్లగ్గుకు పెట్టి బ్యాటరీని నింపుకోవడం. ఒక యూనిట్ కరెంటు. పది రూపాయలకు అటూ ఇటూ.

ఇక ఉచితం సంగతి. ప్యానెల్, పవర్ స్టేషన్ కలిపి డెబ్బై వేలు పెట్టారనుకుందాం. ఏడాదికి ఇరవై రాత్రులు బయట పడుకున్నారనుకుందాం. ఉద్యోగస్థుడికి ఇది చాలా ఎక్కువ, అయినా అనుకుందాం. రాత్రికి 300 వాట్-అవర్లు వాడితే ఏడాదికి ఆరు యూనిట్లు. ఎనిమిదేళ్ళు చెడిపోకుండా పనిచేస్తే నలభై ఎనిమిది యూనిట్లు. భాగించండి. యూనిట్ 1,450 రూపాయల పైన. మైలవరంలో మూడు రూపాయల పదిహేను పైసల ఎండ మన డిక్కీలోకి వచ్చేసరికి పలికే ధర ఇది. సరదాకు డబ్బు పెట్టడం తప్పు కాదు. గుర్రమూ ఖర్చే, కెమెరా ఖర్చే. దాన్ని ఉచితం అని పిలవడం మాత్రం తప్పు.

నా తల బొప్పి కట్టిన కథ కూడా చెప్పాలి, లేకపోతే ఇదంతా ఈర్ష్య అనుకుంటారు. రెండేళ్ళ కింద నేనూ ఒక పెట్టె, ఒక మడత ప్యానెల్ కొన్నాను. ఎండ బాగా ఉంటుంది గదా అని మే నెల్లోనే, కొలిమిగుండ్ల పక్క నాపరాతి గనుల మధ్య ఒక స్నేహితుడి తోటకు పోయాను. పదకొండు గంటలకు బండల మీద ప్యానెల్ పరిచి, తీగ లాగి, పెట్టెను బండిలో పెట్టి, చింతచెట్టు కిందికి పోయి పడుకున్నాను. రెండింటికి లేచి చూస్తే పెట్టె తెర మీద జ్వరం చూసే గొట్టం బొమ్మ వెలుగుతోంది. లోపలికి వచ్చే వాట్ల చోట సున్న. పొద్దున ఉన్న చార్జింగు మీద రెండు గీతలే పెరిగాయి. ప్యానెల్ ఎత్తబోయి వెనకవైపు చెయ్యి వేసి అంతే వేగంగా తీశాను. పెనం. బండిలో పెట్టిన నీళ్ళ సీసాలో చక్కెర, టీ పొడి వేసుకుంటే సరిపోయేట్టుంది.

ఎండ తక్కువై కాదు, ఎక్కువై ఆగింది. ప్యానెల్ మీద రాసిన వంద వాట్లు ప్రయోగశాల వాట్లు. పలకలోని సెల్ 25 డిగ్రీల వేడిలో ఉన్నప్పుడు కొలిచిన లెక్క. మన మే నెల గాలే 43 దాటుతుంది. ఇక ఆ ఎండలో నల్లటి పలక 65, 70కి పోవడం మామూలే. 25 దాటిన ప్రతి డిగ్రీకి నూటికి సుమారు 0.35 చొప్పున తరుగు. నలభై డిగ్రీలు పెరిగితే ఏడో వంతు పోయినట్టు. ఆకాశం కడిగినట్టున్న జనవరి మధ్యాహ్నం వాలుగా నిలబెట్టిన ప్యానెల్ ఎంతో, మే నెలలో బండ మీద పరిచిన ప్యానెల్ అంతకు తక్కువిచ్చినా ఆశ్చర్యపోవద్దు. బ్యాటరీ పరిస్థితి ఇంకా ఘోరం. ఇలాంటి పెట్టెలు చాలావరకు 40, 45 డిగ్రీలు దాటితే చార్జింగు తీసుకోవు. తనను తాను కాపాడుకోవడానికి అందులోని సర్క్యూట్ తలుపు మూసేస్తుంది. అద్దాలు ఎక్కించి ఎండలో వదిలిన బండి లోపల అరవై దాటుతుంది. నా పెట్టె చేసిన తప్పేమీ లేదు, తప్పు దాన్ని అందులో పెట్టినవాడిది. ఎండల సీమ అని ప్యానెల్ అమ్మేవాడు ఆ ఎండే బ్యాటరీకి శత్రువని చెప్పడు. మనమూ అడగం.

నీడ గురించి అడిగేవాళ్ళు మరీ తక్కువ. సీమలో టెంటు వేసేవాడు ఎక్కడ వేస్తాడు? చెట్టు చూసుకుని. ఇక్కడి మైదానాల్లో దొరికేది తుమ్మ. తుమ్మచెట్టు నీడ మనిషికి చాలదు గానీ ప్యానెల్‌ను చంపడానికి చాలు. పలకలోని సెల్స్ గొలుసు కట్టినట్టు ఒకదాని వెనక ఒకటి కలిసి ఉంటాయి. ఒక సెల్ మీద కొమ్మ నీడ పడితే ఆ వరసంతా కుంటుతుంది. డయోడ్లు కొంత కాపాడతాయి, పూర్తిగా కాదు. అరచెయ్యంత నీడకు సగం కరెంటు పోవడం నేను మీటర్లో చూశాను. మనిషి నీడలో, ప్యానెల్ ఎండలో, పెట్టె మళ్ళీ నీడలో ఉండాలంటే పొడవాటి తీగ కావాలి. సన్నటి తీగలో పన్నెండు వోల్టుల కరెంటు సగం దారిలోనే అలిసిపోతుంది, కాబట్టి తీగ లావుదై ఉండాలి. డబ్బాతో పాటు వచ్చే తీగ చాలాసార్లు అందుకు చాలదు.

సోలార్ పవర్ బ్యాంకులని వస్తున్నాయి, వాటికి ఎక్కువ చోటు ఇవ్వను. 20,000 ఎంఏహెచ్ అంటే 3.7తో హెచ్చించి వెయ్యితో భాగిస్తే 74 వాట్-అవర్లు. వీపు మీది ఆ చిన్న పలక ఒకటి, ఒకటిన్నర వాట్లది. అది నిండాలంటే పది పన్నెండు రోజులు బండ మీద ఎండబెట్టాలి. వడియాలు నయం, రెండు రోజుల్లో ఎండుతాయి.

అంటే సోలార్ దండగా? అలా నేను ఎప్పుడూ అనలేదు. దాని అవసరం నిజంగా ఉన్న క్యాంపర్లు ఈ సీమలో తరతరాలుగా ఉన్నారు. వాళ్ళ దగ్గర జీపు లేదు కాబట్టి మన లెక్కలోకి రారు.

జూన్‌లో తొలకరి పడగానే తుగ్గలి, మద్దికెర మండలాలకు పోయి చూడండి. అశోకుడి శాసనం ఉన్న ఎర్రగుడి పక్కనే జొన్నగిరి. అక్కడి ఎర్ర చేలల్లో వాన కడిగిన మట్టిలో వజ్రం తగులుతుందని చుట్టుపక్కల జిల్లాల నుంచీ పక్క రాష్ట్రాల నుంచీ జనం వస్తారు. చద్దిమూట, ప్లాస్టిక్ పట్ట, చెట్టు కిందో గుడి అరుగు మీదో పడక. రోజులు, ఒక్కోసారి వారాలు. క్యాంపింగ్ అంటే ఇదీ. ఒకేచోట ఉంటారు, పగలంతా ఆరుబయటే ఉంటారు, ప్యానెల్‌కు కావలసింది అదే. కానీ వాళ్ళు వచ్చే కాలం చూడండి. సీమ వానాకాలానికి ఒక శాపం ఉంది: చినుకు పడదు, మబ్బు వీడదు. చేనుకు వాన లేదు, ప్యానెల్‌కు ఎండ లేదు. దట్టమైన మబ్బు కింద పలక తన పేరులో నాలుగో వంతు ఇవ్వడం కూడా గగనం. ఎండకేం కొదవ అన్నవాడు ఏడాదిలో ఏ నెల గురించి మాట్లాడుతున్నాడో ముందు చెప్పాలి.

రెండోవాళ్ళు గొర్రెలకాపరులు. పోయిన అక్టోబర్లో కొలిమిగుండ్ల నుంచి జమ్మలమడుగు పోతూ నల్లరేగడి చేలల్లో ఒక మందను చూసి బండి ఆపాను. శనగ వేయబోయే ముందు ఎరువు కోసం రైతులు చేలో మంద దోలించుకుంటారు. మూడు కుటుంబాల గొర్రెలు, నలుగురు మనుషులు, రెండు కుక్కలు. వలతాళ్ళ దొడ్డి, దాని పక్కన మూడు రాళ్ళ పొయ్యి, కంబళ్ళు. కంప మీద పుస్తకమంత సోలార్ పలక, దాని తీగ కంబళి కింద ఒక లైటు డబ్బాకు పోయింది. అరవై దాటిన ఒకాయన వంట చూస్తున్నాడు.

"బాగా పనిచేస్తాదా పెద్దాయనా?" అన్నాను.

"చేస్తాది సామీ, దీని కాడ మనిషి ఉంటే. నీడొస్తే జరపాల, దుమ్ము పడితే తుడవాల. అడివిలో గొర్రెనిడిసినట్టు ఇడిస్తే ఏం లాబం?"

పగలు ముగ్గురు మేపుకు పోతారు, ఈయన దొడ్డి కాడే ఉంటాడు. పలకను తూర్పు నుంచి పడమరకు తిప్పడం ఆయన పనుల్లో ఒకటి, కూరలో ఉప్పు వేసినట్టు. రాత్రికి ఏం కావాలని అడిగితే వేళ్ళ మీద లెక్క చెప్పాడు: నక్కలొస్తే చూడ్డానికి లైటు, ఇంటికి మాట్లాడటానికి రెండు ఫోన్లు, అంతే. వాట్-అవర్ అనే మాట ఆయన వినలేదు. కానీ ఆ లెక్క ముందు వేసుకుని తర్వాత పలక కొన్నాడు. మనం పలక కొని, దానికి ఏం తగిలించాలా అని వెతుక్కుంటాం. అందుకే గండికోట గుట్ట మీద ఇండక్షన్ స్టవ్‌లు కనబడుతున్నాయి. రెండు వేల వాట్ల స్టవ్ వెయ్యి వాట్-అవర్ల పెట్టెను అరగంటలో ఖాళీ చేస్తుంది. ఐదు కిలోల గ్యాస్ సిలిండరు చేసే పనికి డెబ్బై వేల సరుకు.

ఆ పెద్దాయన పద్ధతిలో మన ఇంటి లెక్క వేస్తే ఎంతవుతుంది? నాలుగు ఫోన్లకు ఫోనుకు ఇరవై చొప్పున ఎనభై. ఐదు వాట్ల లైట్లు రెండు, ఐదు గంటలు, యాభై. పదిహేను వాట్ల ఫ్యాను ఎనిమిది గంటలు, నూట ఇరవై. రెండు వందల యాభై వాట్-అవర్లు. మూడు వందల నుంచి ఐదు వందల వాట్-అవర్ల బ్యాటరీ ఒకటి ఇంట్లో నింపుకుని పోతే ఒక రాత్రికి ప్యానెల్ ముఖం చూడనక్కర్లేదు. కొనేటప్పుడు ఎంఏహెచ్ చూసి మోసపోకుండా వాట్-అవర్లు అడగండి. లోపల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ఉందా అని అడగండి, అది వేడికి ఓర్చుకుంటుంది, రెండు వేల సార్లు పైన నింపి ఖాళీ చేయొచ్చు. చార్జింగ్ ఎన్ని డిగ్రీల దాకా అని డబ్బా మీద చూడండి. అంగట్లో ఎవరూ ఈ ప్రశ్న అడగరు గాబట్టి అమ్మేవాడు మిమ్మల్ని ఎగాదిగా చూస్తాడు, చూడనివ్వండి. బండిలో చార్జ్ అయ్యే తీగ కూడా ఇస్తున్నాడో లేదో చూసుకోండి. బండిలో ఫ్రిజ్ పెట్టుకుని ఒకేచోట మూడు రాత్రులు ఉండేవాడు, పక్షుల కోసం రోళ్ళపాడు దిక్కున వారం తిరిగే కెమెరా మనిషి, వీళ్ళు తప్పకుండా మడత ప్యానెల్ కొనాలి. కొన్నాక దాన్ని బండ మీద పరచకుండా రెండు రాళ్ళకు ఆనించి, వెనక గాలి ఆడనిచ్చి, పెట్టెను చెట్టు మొదట్లో పెట్టుకోవాలి. అంటించిన పైకప్పు ప్యానెల్ మీద నాకు దయ లేదు. దాన్ని సూర్యుడి వైపు తిప్పాలంటే జీపునే ఒరగబెట్టాలి.

ఆ రోజు లేవబోతుంటే పెద్దాయన నా బండి వైపు చూసి, "మీ దాంట్లో చార్జింగు పెట్టే బొక్క ఉంటాది గదా?" అన్నాడు. మూడు రోజులుగా ముసురు. పలక తిప్పినా తుడిచినా ఫోను చచ్చే ఉందట, కూతురికి నెలలు నిండాయట. బొత్తాల ఫోను. సాకెట్‌కు తగిలించి ఇంజన్ ఆన్ చేశాను. ఇరవై నిమిషాలు పట్టింది. ఆయన ముందు సీట్లో కూచోకుండా తలుపు పట్టుకుని నిలబడే ఉన్నాడు, కుక్క టైరు పక్కన పడుకుంది.

"ఎంత నూనె కాలింటాది సామీ దీనికి?" అన్నాడు ఫోను తీసుకుంటూ.